సుల్తాను గుర్రం పక్కన నడిచినవాళ్ళు

పోయిన మంగళవారం పొద్దున, గుడ్‌మార్నింగ్ పూల బొమ్మల మధ్య, మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది. మా హిస్టరీ మాస్టారు పోయారని. ఆ రోజు నాకు ఏ పనీ సాగలేదు.

చాక్‌పీసు జేబులో వేసుకుని మరిచిపోయి, చొక్కా అంతా తెల్లగా చేసుకుని విజయవాడ బస్సుల్లో తిరిగేవారాయన. ఏ రాజ్యం గురించి మొదలుపెట్టినా ముందు ఒకటే ప్రశ్న: "ఇందులో నువ్వు రాజువి కాదు. మరి ఎవరివి?" రాజుల పేర్లు తప్ప ఇంకేమీ తెలియని మేం బిక్కమొహాలు వేసేవాళ్ళం.

ఇస్తాంబుల్ రాజధానిగా ముస్లిం సుల్తానులు ఏలిన ఒట్టోమన్ సామ్రాజ్యం పాఠం నాకు బాగా గుర్తు. అక్కడ క్రైస్తవులకూ యూదులకూ వాళ్ళ ప్రార్థనాలయాలు, వాళ్ళ మతపెద్దలు, పెళ్ళిళ్ళ తగాదాలు తీర్చుకోవడానికి వాళ్ళ పంచాయితీలు ఉండేవి. వాళ్ళకి మాత్రమే వేసే తలపన్నూ ఉండేది. కట్టే బట్ట మీదా, ఎక్కే గుర్రం మీదా ఆంక్షలుండేవి. పామర్రు నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి, "ఇంతకీ మంచి రాజ్యమేనా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి మాస్టారూ" అన్నాడు.

"ఎవర్నడుగుతున్నావురా? స్పెయిన్ నుంచి తరిమేస్తే అక్కడ తలదాచుకున్న యూదుణ్ణడిగితే, చల్లని రాజ్యం అంటాడు. కొడుకుని సైన్యానికి లాక్కుపోయారే, ఆ క్రైస్తవ రైతునడుగు. ఏడుస్తాడు. సుల్తాను గుర్రం మీంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. పక్కన నడిచేవాణ్ణి అడగాలి."

వాడు ఊరుకోలేదు. మా క్లాసులో ఉన్న ఒకే ఒక్క ముస్లిం అమ్మాయి వైపు తిరిగి, "మీవాళ్ళేగా చేసింది" అన్నాడు. ఆమె తల వంచుకుంది.

మాస్టారికి కోపం రావడం అప్పుడే చూశాను. "ఆ అమ్మాయి వచ్చింది కొండపల్లి నుంచిరా, ఇస్తాంబుల్ నుంచి కాదు! తక్కువమంది ఎలా బతికారో ఇంతసేపూ విని, నీ క్లాసులో ఉన్న ఒక్కదాన్నీ నిలదీస్తావా?"

మర్నాటి నుంచి ఆమె రాలేదు. చదువు మానిపిస్తున్నారని తెలిసి మాస్టారు కొండపల్లి బస్సెక్కారు. "మీ అమ్మాయి మానేస్తే నేను చెప్పిన పాఠం అబద్ధమైపోతుందండీ" అన్నారట వాళ్ళ నాన్నతో. సోమవారానికి ఆమె తిరిగొచ్చింది. పామర్రు కుర్రాడు తడబడుతూ క్షమాపణ చెప్పాడు. "ఓర్చుకోవడం వేరు, సమానంగా చూడటం వేరు. సుల్తానులు మొదటిదాకా వచ్చారు. మీరు రెండోదాకా వెళ్ళండర్రా" అన్నారు మాస్టారు. ఆ మాట వల్ల నేను మనిషిగా కొంచెం బాగుపడ్డాననుకుంటాను.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా బ్యాచ్ వాళ్ళమంతా మాస్టారి ఇంటికి వెళ్ళాం. ఇప్పుడు సోషల్ టీచరుగా ఉన్న ఆ కొండపల్లి అమ్మాయి కూడా వచ్చింది. లోపల పంతులుగారి మంత్రాలు వినపడుతున్నాయి. రావచ్చో లేదోనని చెప్పుల దగ్గరే ఆగిపోయింది. మాస్టారి భార్య చూశారు.

"అక్కడ నిలబడ్డావేంటమ్మా? ఇటు రా."

చుట్టాల మధ్య నుంచి ఆమె లోపలికి నడిచింది. అమ్మగారు చాప మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చారు. అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి, ఆ అమ్మాయి భుజం మీద తల వాల్చి బావురుమన్నారు.