స్టాకు లేని మందు

మా పెద్దమ్మ పిల్లల డాక్టరు. ముప్పై ఏళ్లుగా దగ్గులూ జలుబులూ చూసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి అణుబాంబుల మీద కోపం వచ్చింది. మనకెందుకమ్మా అంటే వినదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అణ్వాయుధాలు వద్దని మా ఊరి కౌన్సిలు తీర్మానం చేయాల్సిందేనని పట్టు పట్టింది. సభలో మాట్లాడాలంటే మూడు వందల సంతకాలు కావాలన్నారు.

పెద్దమ్మ మహా పొదుపరి. వేరే కాగితం దండగని మందుల చీటీల మీదే విన్నపం అచ్చేయించింది. పైన పెద్దక్షరాల్లో అణుబాంబు, కింద నాలుగు వాక్యాలు, ఆ కింద సంతకానికి గీత. చదివి, సంతకం పెట్టి క్లినిక్కు కిటికీ దగ్గర ఇవ్వమని వచ్చినవాళ్లందరికీ పంచింది. ఆ కిటికీలో కూర్చునేది నేను. పది రోజులైనా ఒక్క చీటీ తిరిగి రాలేదు. జనానికి పట్టలేదు కాబోలని పెద్దమ్మ కుమిలిపోయింది. సభ రోజు మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు.

ఎలా వస్తాయి, నా మొహం! డాక్టరిచ్చిన చీటీ ఎవరైనా చదువుతారా? అందరూ తిన్నగా పక్కనున్న మా బాబాయి మందుల షాపుకి పట్టుకెళ్లారు. ఆయనా తక్కువ తినలేదు. పైమాట ఒక్కటే చూసి, ఏదో కొత్త కంపెనీ సరుకనుకుని, అలమరలన్నీ వెతికి, 'మందు లేదు' అని ముద్ర కొట్టాడు. లేని మందుకి, సరుకొచ్చాక కబురు చేయడానికని, అడిగినవాళ్ల చేత చీటీ మీద సంతకం పెట్టించుకుని ఇనుప చువ్వకు గుచ్చుకోవడం ఆయన పద్ధతి.

సరిగ్గా సభకు బయల్దేరేముందు ఆ చువ్వ పట్టుకుని వచ్చాడు.

"వదినా, నీ అణుబాంబుకి గిరాకీ బాగా ఉంది. మూడు వందల పన్నెండు మంది అడిగారు. ఎప్పుడొస్తుందో కనుక్కుని చెప్పు."

నేను నవ్వలేక స్టూలు మీంచి జారిపోయాను. పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వి, చువ్వతో సహా సభకు పరిగెత్తింది, వెనకే నేనూ.

తీరా అక్కడ దొంగ లెక్క చెప్పడం ఆమె వల్ల కాలేదు. మందనుకుని పెట్టిన సంతకాలివి, లెక్కలోకి తీసుకోవద్దని ఉన్నదున్నట్టు చెప్పేసింది. సభంతా గొల్లుమంది. అధ్యక్షుడు కళ్లు తుడుచుకుంటూ ఒక చీటీ లాగాడు.

"దీనికి మందు నిజంగానే లేదా డాక్టరుగారూ?"

"లేదండీ. కాలిన వాళ్లకి మన ఆసుపత్రిలో ఉన్నవి ఆరు మంచాలు. రాకుండా చూసుకోవడమే."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని నాలుగు వాక్యాలూ చదివి, జేబులోంచి కలం తీశాడు. చదివి సంతకం పెట్టిన మొదటి మనిషి ఆయనే. రెండోదాన్ని నేను. పది రోజులు ఆ కిటికీలో కూర్చున్నానే గాని, అందులో ఏం రాసుందో నేనూ అప్పుడే చదివాను.