వెనక సీటులో కోడి

పెట్రోలు వాసన తగిలితే మా పశువులశాల గుర్తొస్తుంది. తాతయ్య పోయాక ఆయన కారు ఆరేళ్లు అక్కడే ఉండిపోయింది. అరవై ఏడులోనో ఎనిమిదిలోనో నాన్న దాన్ని నడిపించాలని బొబ్బిలి నుంచి మెకానిక్కుని తీసుకొచ్చారు. వెనక సీటులో కోడి గుడ్లు పొదుగుతోంది.

"రేపో మాపో పిల్లలైపోతాయి. కదిపినావంటే మరి పొదగదురా," అంది నాయనమ్మ.

"నానొచ్చింది కారు కోసరం, కోడి కోసరం కాదమ్మా. సాయంత్రం బస్సుకి ఎలిపోవాల," అన్నాడు మెకానిక్కు.

చివరికి కోడిని సీటులోనే ఉంచి, వీధివాళ్లంతా కలిసి కారును తోశారు. అది పొగ కక్కి కదిలింది. నేను కోడి పక్కన కూర్చున్నాను. మా కారు రైలును దాటేస్తుందని బడిలో అందరికీ చెప్పి ఉన్నాను. సరిగ్గా బడి ముందే ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటింది.

"బావా, నా బండెనక కట్టీమంటావేటి?" అన్నాడు బండతను.

నాన్న నవ్వారు గానీ వేగం పెంచలేదు. కారుకు సత్తువ లేదనుకుని నేను ఏడ్చేశాను. నాన్న అద్దంలో మాటిమాటికీ వెనక్కి చూశారు. నన్నే చూస్తున్నారనుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను.

మూడో రోజుకి గుడ్లన్నీ పిల్లలయ్యాయి. ఆ తర్వాత కారు జోరుగానే తిరిగింది.

చాలా ఏళ్లకు, నెలల పాపను వెనక సీటులో పడుకోబెట్టి నేను కారు నడిపిన రోజున గానీ, నాన్న అంత నెమ్మదిగా పోయింది గుడ్ల కోసమనీ, అద్దంలో చూసింది కోడిననీ నాకు తట్టలేదు. చెప్పి నవ్వుకుందామంటే అప్పటికి ఆయన లేరు.