కిటికీలోంచి రైలెక్కిన రిపబ్లిక్ డే

మా చిన్నప్పుడు రైల్లో సీటు కావాలంటే ఇంట్లో తేలిగ్గా ఉన్న పిల్లని కిటికీలోంచి లోపలికి దింపేవాళ్ళు... మా ఇంట్లో ఆ పిల్ల నేనే. ఎనభైల్లో ప్రతి పెట్టెకూ కమ్మీలు లేని కిటికీ ఒకటైనా ఉండేది లెండి.

ఆ ఏడు జనవరి ఇరవయ్యారు సోమవారం వచ్చింది. మా మేనమామ మిలట్రీలో ఉండేవాడు. సికింద్రాబాద్ పెరేడ్‌లో తానూ నడుస్తున్నానని, అక్కాబావా పిల్లల్ని తీసుకుని వచ్చి చూడాలని కబురు పెట్టాడు. అమ్మకు తమ్ముడంటే ప్రాణం. మిరపకాయల కోతలు మొదలయ్యే రోజులు, అయినా నాన్న సరేనన్నాడు. అద్దంకి దగ్గర మా పల్లె నుంచి బస్సులో చీరాల వచ్చి, విజయవాడ దాకా ఒక బండి, అక్కడ దిగి ఇంకొకటి ఎక్కాలి.

చిక్కల్లా ఆదివారం బయల్దేరడంతో వచ్చింది. చర్చిలో ఆరాధన ఎగ్గొట్టి ఈ ప్రయాణాలేమిటని నానమ్మ మొహం మాడ్చుకుంది. కనీసం ప్రార్థన చేసుకోకుండా మాత్రం బండి ఎక్కొద్దని గట్టిగా చెప్పి పంపింది.

అమ్మ ఆ మాట పట్టుకుంది. చీరాల స్టేషన్లో సామాను దించగానే మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది... దారిలో కాపుదల, మావయ్య ఆరోగ్యం, నానమ్మ కోపం, మిరపచేనుకు పట్టిన పురుగు... ఒక్కటీ వదల్లేదు. బండి వచ్చి ఆగిన చప్పుడు అందరికీ వినబడుతూనే ఉంది. ఆమేన్ అనకుండా కళ్ళు తెరిచే ధైర్యం నాన్నకు కూడా లేదు. తీరా తెరిచేసరికి తలుపుల దగ్గర జనం వేలాడుతున్నారు.

నాన్న నన్నెత్తి కిటికీలోంచి లోపలికి దింపాడు. భుజం మీది తువ్వాలు నా చేతిలో పెట్టాడు.

"బల్ల మీద పరిచెయ్యమ్మా. మేం తలుపులోంచి వస్తాం. నువ్వు మాత్రం కదలమాక," అన్నాడు.

పరిచాను. దాని మీద పడుకున్నంత పని చేశాను. ఇంతలో బండి కదిలింది.

కిటికీలోంచి చూస్తే అమ్మ నీలం చీర ప్లాట్‌ఫారం మీదే ఉంది. చంకలో నా తమ్ముడు. బండి వెంట పరుగెత్తుతూ ఏదో అరుస్తోంది, నాకు వినబడలేదు. నాన్న ఎక్కడా లేడు. కాసేపటికి అమ్మ కూడా కనబడలేదు.

భయమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఏడుపు కూడా రాలేదు. ఆరాధన ఎగ్గొట్టినందుకే దేవుడు ఇలా చేశాడనుకున్నాను. సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యాలు అప్పజెప్పబోతే ఒక్కటీ చివరిదాకా రాలేదు.

ఎదురుగా గోతం పెట్టుకుని కూర్చున్న ఒకాయన ఏ ఊరు పాపా అని అడిగాడు. పిల్లల్ని గోతాల్లో వేసుకుని పోతారని అప్పట్లో మా ఊళ్ళో ఒకటే ప్రచారం. నేను ఆయన వంక చూడలేదు, గోతం వంకే చూశాను. పాపం, అందులో వేటపాలెం జీడిపప్పు అట, గుప్పెడు తీసి పెట్టబోయాడు. దాంతో నా భయం రెట్టింపయింది... ఎత్తుకుపోయేవాళ్ళు ముందు తినడానికే పెడతారని కూడా విని ఉన్నాను మరి.

గుంటూరు వైపు పత్తి తీతకు పోతున్న ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, మీ వాళ్ళు ఎక్కలేదని తేల్చేసింది. బాపట్లలో దింపి స్టేషన్ మాస్టరుకు అప్పజెబుదామంది. ఇంకొకావిడ పోలీసులకంది. పోలీసులనే మాట వినగానే బల్ల మీద ఇంకా ముడుచుకుపోయాను.

బాపట్ల రానే వచ్చింది. పెద్దావిడ నా రెక్క పట్టుకుని లేపింది. దిగితే అమ్మ దగ్గరికి పోవచ్చేమో... దిగాక నాన్న ఈ బండిలోనే ఉంటే? ఎటూ తోచలేదు. రెండు చేతులతో బల్ల చెక్క గట్టిగా పట్టుకున్నాను.

"మా నాన్న కదలమాకన్నాడు," అన్నాను.

అప్పుడు వినబడింది... "సువార్తా... సువార్తా..." అని నా పేరు. ఒక్కో కిటికీలో తల దూర్చి పిలుచుకుంటూ వస్తున్నాడు నాన్న. చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది. పిల్ల ఒక్కతే పోతోంది, నువ్వెక్కు అని అమ్మే ఆయన్ని వెనక పెట్టె వైపు తోసిందట. మెట్టు మీద వేలాడుతూ వచ్చాడు.

"ఎవ్వర్నీ కూచోనివ్వలేదు నాన్నా," అన్నాను.

నాన్న ఎక్కించిన కిటికీలోంచే నన్ను బయటికి తీసుకున్నాడు.

బస్సులో చీరాల తిరిగొచ్చాం. అమ్మ ప్లాట్‌ఫారం మీద సామాను మధ్య కూలబడి ఉంది. నన్ను చూడగానే లేచి వీపు మీద ఒక్కటి చరిచి, ఆ వెంటనే ఊపిరాడకుండా పట్టుకుంది. సికింద్రాబాద్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మా బడిలో జెండా ఎగరేసి పిప్పరమెంటు బిళ్ళలు పంచారు. అమ్మ మాత్రం రేడియో దగ్గరే కూర్చుంది, వార్తల్లో ఆ పెరేడ్ గురించి రెండు ముక్కలైనా చెబుతారేమోనని. తన తమ్ముడు పెరేడ్‌లో నడుస్తుంటే చూసే అవకాశం ఆమెకు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు సీటు నంబరు ఫోన్లోకే వస్తోంది. మొన్న ఆగస్టు పదిహేను వేడుకలు చూస్తానని, శనాదివారాలు కలిసొచ్చాయని మా అమ్మాయి స్నేహితులతో ఢిల్లీ బయల్దేరింది. బండి కదలగానే నాకు తెలియకుండానే దాని వెంట కొంత దూరం పరుగెత్తాను. పిల్ల ఫోన్లోంచి తలెత్తి, అద్దం అవతల నవ్వుతూ చెయ్యూపింది. దానికి భయం లేదు. మంచిదే...

ఇన్నేళ్ళూ ఆ రోజు భయపడింది నేనే అనుకున్నాను. నాన్న బండెక్కాడో, చక్రాల కింద పడ్డాడో, నేను దొరికానో లేదో తెలియక, చంకలో బిడ్డతో అమ్మ అక్కడ అంతసేపు ఎలా కూర్చుందో... ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

మీ అమ్మ ఉంటే ఇవాళ పక్కన కూర్చుని అడగండి, మీ కోసం ఎప్పుడు ఎక్కువ భయపడిందో... ఆమె చెప్పింది ఇక్కడ నాకూ చెప్పండి.