మా గల్లీకి అప్పగించిన అమానత్

నా చిన్నప్పుడు బోధన్‌లో చెరుకు సీజన్ మొదలైందంటే ఊరంతా తీపి వాసన కొట్టేది. చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. బండివాళ్లు ఎడ్లను విప్పి బండి కిందనే వంట చేసుకునేవాళ్లు. పిల్లలం వెనక నుంచి గడలు గుంజుకుని పరుగో పరుగు. అట్లాంటి ఒక సీజన్‌లో మా గల్లీ గల్లీ అంతా కలిసి ఒక గెలుపు గెలిచింది. చెప్తే నమ్మరు గానీ, మేం గెలిచింది పుస్తకాలను. అదీ తత్వశాస్త్రం పుస్తకాలను. బీడీలు చుట్టే ఆడవాళ్లకూ బట్టలు కుట్టే దర్జీకీ తత్వశాస్త్రంతో ఏం పని అని మీరు అనుకుంటున్నారేమో, అప్పుడు ఊరు కూడా అచ్చంగా అదే అనుకుంది.

మా గల్లీ చివర ఒక పాత మేడ ఉండేది. అందులో ఉండే పెద్దమనిషిని అందరూ ప్రొఫెసర్ సాబ్ అనేవాళ్లు. ఆయన హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పి, ఏళ్ల తరబడి అందులోనే పరిశోధన చేసి, రిటైరయ్యాక తాతల నాటి ఇంటికి తిరిగొచ్చారు. ఆయన భార్య బేగం సాబ్ అంతకు ముందే పోయింది, పిల్లలు లేరు. వెంట తెచ్చుకున్న ఆస్తి అంతా పుస్తకాలే. ఉర్దూ, ఫారసీ, తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఒకటని కాదు. అవి గది నిండి వరండాలోకి వచ్చాయి, వరండా నిండి మెట్లెక్కాయి. పైకి పోవాలంటే ఆయన పక్కకు తిరిగి పీతలా నడిచేవారు. మేం చూసి నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆ పుస్తకాలన్నీ ఊరి రీడింగ్ రూముకు ఇచ్చేయాలని ఆయన కోరిక. చిన్నతనంలో తన మనసులో పడ్డ ప్రశ్నలకు జవాబు చెప్పే పుస్తకం ఈ ఊళ్లో ఒక్కటీ దొరక్క, ఇల్లు విడిచి పట్నం పోవాల్సి వచ్చిందట. ఇంకో పిల్లవాడికి గానీ పిల్లకు గానీ ఆ గతి పట్టొద్దని ఆయన అనేవారు. కానీ రీడింగ్ రూమంటే ఏముంది, పెంకుల కప్పు, రెండు బెంచీలు, నిన్నటి పేపరు. దాన్ని చూసుకునే ప్రెసిడెంటు చెడ్డవాడేం కాదు, కాకపోతే నోటి దురుసు. ఈ ఊళ్లో చెరుకు నమిలే పళ్లున్నాయి గానీ తత్వం నమిలే పళ్లెక్కడివి సాబ్, అని మొహం మీదే అన్నాడు. పట్నంలోని యూనివర్సిటీకి కబురు కూడా పెట్టేశాడు. సీజన్ నడిచినన్నాళ్లూ లారీలన్నీ చెరుకు కిందే ఉంటాయి కాబట్టి, సీజన్ అయిపోగానే లారీ వచ్చి పుస్తకాలన్నీ ఎత్తుకుపోయేటట్టు మాటయింది. వేరే చోటు లేక ప్రొఫెసర్ సాబ్ ఒప్పుకున్నారు గానీ ఒక్కటే అడిగారు, అప్పటిలోగా ఇక్కడ చదివేవాళ్లను చూపిస్తే ఏం చేస్తావని. ప్రెసిడెంటు నవ్వి, ఒక్క గల్లీని చూపించండి చాలు, టేకు బీరువాలు నేనే దగ్గరుండి చేయిస్తానన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ప్రొఫెసర్ సాబ్ ఇంటి గోడకు చెదలు పట్టాయన్న మాట గల్లీలో పాకింది. పుస్తకాలను చెదలు తినేస్తాయి, కాస్త మీ ఇండ్లలో అమానత్‌గా పెట్టుకోండని ఆయన ఇంటింటికీ వచ్చి అడిగారు. చెదలు ఒక్క మూలనే పట్టాయనీ, అదీ బొగ్గులు పెట్టే మూలననీ మాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. పాత చీరల్లో, దుప్పట్లలో కట్టిన ముల్లెలు ఇంటికొకటి చేరాయి. ఎవరింట్లో ఎవరు చదవగలరో, ఏ భాష చదవగలరో ముందే కనుక్కుని మరీ కట్టారాయన. అదీ తర్వాతే తెలిసింది.

అమానత్ అంటే మా దగ్గర ఆషామాషీ మాట కాదు. నమ్మి దాచిపెట్టమని ఇచ్చిన సొమ్ము అన్నమాట. హిందువులైనా ముసల్మానులైనా ఆ ఒక్క మాట దగ్గర అందరిదీ ఒకటే మతం. మా అవ్వకు అందులో గల్లీలో పెద్ద పేరు. ఊరికి పోయేవాళ్లు వెండి కడియాలు ఆమెకిచ్చి పోయేవాళ్లు, ఆడబిడ్డతో తగువు పడ్డవాళ్లు కమ్మలు తెచ్చి దాచుకునేవాళ్లు. దాచినదాని ముడి విప్పడమంటే అవ్వ దృష్టిలో దొంగతనంతో సమానం. అందుకని పుస్తకాల ముల్లెను సందుగ పెట్టెలో పెట్టి, పురుగు పట్టకుండా పైన బీడీల పొగాకు పొడి గుప్పెడు చల్లి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. గల్లీలో అందరూ అంతే. ఎవరి ముల్లె వాళ్లు పటిక బెల్లంలా భద్రంగా దాచారు. పాపం, ఇంట్లో ఉంటే విప్పి చదువుతారనుకున్న ఆయన ఉపాయం మా నిజాయితీ దగ్గరే బోర్లా పడింది.

ఒకరోజు పొద్దున ఆయన కర్ర పొడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తోంది. అమ్మ దారం చుడుతోంది. నేను కట్టలు పేరుస్తున్నాను.

"అక్కా, నా అమానత్ మంచిగున్నదా?" అని అడిగారు.

"ముడి గూడ కదల్లె సాబ్. మీరెట్ల ఇచ్చిన్రో గట్లనే ఉన్నది," అంది అవ్వ, గర్వంగానే.

"అందుల ఏమేమున్నయ్ మరి?"

"కితాబులు."

"కితాబులల్ల ఏమున్నది? రేపు నేనొచ్చి గిది లేదు, గది పోయింది అంటె నువ్వేం జెప్తవ్? ఏం దాస్తున్నవో ఎరుక లేకుంట దాసిపెట్టుడు గూడ ఒక దాసిపెట్టుడేనా, అక్కా?"

అంతే. ఆ మాట మెత్తగా అనేసి ఆయన వెళ్లిపోయారు. అవ్వ మొహం చూడాలి మీరు. అంతమంది సొమ్ము దాచిన మనిషిని పట్టుకుని నీకు దాచడం రాదన్నట్టే గదా. తర్వాత చాట పక్కన పెట్టి, సందుగ తెరిచి, ముల్లె తెచ్చి నా ముందర వేసింది. పొగాకు పొడి లేచి మేం ముగ్గురం వరసగా తుమ్మాం. తుమ్ములు ఆగాక, చదువే పోరీ, ఒక్క అక్షరం ఇడిసిపెట్టకు, అంది.

బడిలో నా చదువు సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. వాచకం చదవమంటే నీళ్లు నమిలేదాన్ని. అట్లాంటి నా చేతికి వచ్చింది తర్కం గురించిన తెలుగు పుస్తకం. తర్కమంటే సరిగ్గా ఆలోచించే పద్ధతి అని మొదటి పేజీలోనే రాసి ఉంది. కూడబలుక్కుంటూ చదివాను. కళ్లతో చూడనిదాన్ని ఉందని ఎట్లా తెలుసుకుంటామని అడిగి, దూరంగా కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తెలుసుకుంటాం గదా అని చెప్తున్నాడు రాసినాయన. అవ్వ బీడీ చుడుతూనే పెదవి విరిచింది. గింతదానికి కితాబెందుకు, పొయ్యి ముట్టిచ్చే ఏ ఆడిదాన్ని అడిగినా చెప్తది, అంది. మళ్లీ ఒక్క క్షణం ఆగి తనే అడిగింది.

"పొగున్నకాడ నిప్పుంటది, సరే. మరి నిప్పున్నకాడల్ల పొగ ఉంటదా? ఎదురింటి దర్జీ ఇస్త్రీ పెట్టెల ఎర్రటి నిప్పుంటది. పొగేది? గది రాసిండా నీ కితాబాయన?"

నాకేం తెలుసు. పేజీ తిప్పాను. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు, కాబట్టి నిప్పును చూసి పొగ ఉందని చెప్పడానికి వీల్లేదని అక్కడ రాసి ఉంది. ఆ వాక్యం నేను రెండోసారి చదివాను, ఎవరూ అడగకుండానే. అవ్వ చేతిలో ఆకు అట్లాగే ఆగిపోయింది. ఆమె మొహంలో అంత సంతోషం మా చిన్నాన్న పెండ్లిలో కూడా చూడలేదు నేను.

"నా లెక్కనే మాట్లాడుతున్నడు గీనె," అంది అమ్మతో.

ఆ రోజు నుంచి మా వాకిలి వాకిలిలా లేదు. పక్కిండ్ల ఆడవాళ్లు చాటలు పట్టుకుని మా దగ్గరికే వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్ల చేతులు బీడీలు చుడుతుంటే నా నోరు పుస్తకం చదివేది. అర్థం కానిది వస్తే వదిలేవాళ్లు కాదు. మళ్లీ చదువు, మెల్లగ చదువు, అని నన్ను కాల్చుకు తినేవాళ్లు. అయినా అర్థం కాకపోతే నన్ను ప్రొఫెసర్ సాబ్ దగ్గరికి పరుగెత్తించేవాళ్లు. ఆయన ఎప్పుడూ నేరుగా జవాబు చెప్పేవారు కాదు. ఇంకో ప్రశ్న ఇచ్చి పంపేవారు. అది వినగానే అవ్వ, పొట్టల ఉన్నది కక్కడు గీ సాబ్, అని తిట్టుకుంటూనే ఆ ప్రశ్న మీద కూర్చునేది.

ఆయన అదే మెత్తటి దెబ్బ గల్లీలో ఇంటింటికీ వేసి వచ్చారట. ఎదురింటి దర్జీ చాచాకు దక్కినవి ఉర్దూ పుస్తకాలు. ఒకదాంట్లో నిద్ర గురించి రాసి ఉంది. గాఢ నిద్రలో కల కూడా లేనప్పుడు మనిషి ఏమవుతాడు, పొద్దున లేచింది రాత్రి పడుకున్న మనిషేనా, అదీ ప్రశ్న. చాచా మిషను తొక్కుతూ తన అరుగు మీద నుంచి అరిచి అడిగేవాడు. అవ్వ మా అరుగు మీద నుంచి జవాబు ఇచ్చేది. మధ్యలో పోయే చెరుకు బండివాళ్లు కూడా బండి ఆపి ఒక మాట వేసి పోయేవాళ్లు. ఒకసారి ఆ గొడవలో పడి చాచా ఎవరిదో షేర్వానీకి చెయ్యి తిరగేసి కుట్టాడు. మళ్లీ విప్పి కుట్టుకున్నాడు గానీ, వాదన మాత్రం ఒప్పుకోలేదు.

సీజన్ అయిపోయింది. ఫ్యాక్టరీ గొట్టం చల్లబడింది. లారీ వచ్చింది. దాంతోపాటు యూనివర్సిటీ నుంచి ఒక సారు, నెమ్మదైన మనిషి. ప్రెసిడెంటు ఆయన్ను వెంటబెట్టుకుని ముల్లెలు వసూలు చేయడానికి ముందుగా మా ఇంటికే వచ్చాడు. ప్రొఫెసర్ సాబ్ ఆ రోజుల్లో ఒంట్లో బాగుండక ఇంట్లోనే ఉన్నారు. లారీ అయితే వచ్చేసింది గానీ, తర్కం పుస్తకం ఇంకా సగంలోనే ఉంది మాకు.

అవ్వ ముల్లె తెచ్చింది. ఇచ్చిందా, లేదు. అమానత్ తీసుకునేవాళ్లు లోపల ఏముందో చూసుకుని తీసుకోవాలని, అది పద్ధతని చెప్పి చాప పరిపించింది. ఒక్కొక్క పుస్తకం పైకెత్తి అందులో ఏముందో చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు అక్షరం రాదు. అట్టలు చూసి గుర్తుపట్టేది. ఇది చూడనిదాన్ని తెలుసుకునే సంగతి, ఇది మాట నమ్మొచ్చా లేదా అనే సంగతి, ఇదింకా నాకు ఒంటబట్టలేదు, అని. సారు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వంగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, అమ్మా, పొద్దున కురిసిన మంచును పొగ అనుకుని నిప్పు ఉందనుకుంటే అది ఎవరి తప్పు, కంటిదా, ఆలోచనదా, అని. అవ్వ నోరు తెరిచేలోపే దర్జీ చాచా మిషను దిగి వచ్చి కంటిదన్నాడు. ఆడవాళ్లు కాదన్నారు. ఇంక చూస్కోండి. గల్లీ అంతా మా వాకిట్లోనే. ఆ సారు కూడా చొక్కా చేతులు మడుచుకుని ఒక పక్షం పట్టాడు. ప్రెసిడెంటు అరుగు మీద కూర్చుని ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పుతున్నాడు.

చివరికి ప్రెసిడెంటే గొంతు సవరించుకుని, లారీ ఆగి ఉంది, ముల్లె ఇయ్యవా అవ్వా, అన్నాడు. అప్పుడు అవ్వ లేచి నిలబడి కొంగు నడుముకు చుట్టుకుంది.

"అమానత్ పెట్టినోళ్ల చేతికే ఇస్త. ఇంకొకరి చేతికి ఇయ్య. మా గల్లీల ఎవ్వలియ్యరు."

వెనక నుంచి అందరూ అవునంటే అవునన్నారు. ఎవరో పరుగెత్తి ప్రొఫెసర్ సాబ్‌కు చెప్పారు. ఆయన చాచా భుజం పట్టుకుని మెల్లగా నడిచి వచ్చారు. అవ్వ ఆయన చేతుల్లో ముల్లె పెట్టి, చూస్కోండి సాబ్, ఏమన్న పోయిందా, అని అడిగింది. ఆయన విప్పి చూడలేదు. వాకిట్లో ఉన్న మా అందరినీ చూశారు. కళ్ల నీళ్లు పెట్టుకుని, ఏం పోలే అక్కా, పెరిగింది, అన్నారు.

యూనివర్సిటీ సారు ప్రెసిడెంటు వైపు తిరిగి, ఇవి ఇక్కడే ఉండనివ్వండి, అవసరమైతే మా పిల్లలనే ఇక్కడికి పంపుతాం, అన్నాడు. ప్రెసిడెంటు మాట మీద నిలబడే మనిషి. అప్పటికప్పుడు బీరువాలు చేసే వడ్లాయనకు కబురు పెట్టాడు. లారీ ఉత్తగా పోవడం ఎందుకని డ్రైవరుకు ఎవరో చేలో మిగిలిన చెరుకు గడలు మోపెడు ఎక్కించారు. పిల్లలం కేకలు పెడుతూ మూల మలుపు దాకా దాని వెంట ఉరికాం. పండగలకు కూడా మా గల్లీ అంత సంబరం ఎరగదు.

టేకు బీరువాలు వచ్చిన రోజు రీడింగ్ రూములో మొదటి పుస్తకం అవ్వ చేత పెట్టించారు. కప్పు కూడా కొత్త పెంకులతో నేయించారు. ఆ తర్వాత నిజంగానే పట్నం నుంచి బస్సెక్కి పిల్లలు వచ్చారు. పెద్ద పెద్ద చదువుల పిల్లలు మా రెండు బెంచీల మీద ఒదిగి కూర్చుని చదువుకుని పోయేవాళ్లు. నేనూ వాళ్ల పక్కన కూర్చునే పెద్దయ్యాను, చదివాను, ముప్పై ఏండ్ల పైచిలుకు పిల్లలకు పాఠాలు చెప్పాను. ప్రొఫెసర్ సాబ్ ఇప్పుడు లేరు. అవ్వా లేదు.

బీరువాలు వచ్చిన ఆ రోజు రీడింగ్ రూము నుంచి ఇంటికి వస్తుంటే అవ్వ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది. సందుగ ఖాళీ అయిందని బాధపడుతోందేమో అనుకుని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గల్లీ మొదట్లో ఆగి అంది:

"ఎంతమందివి దాసిన్నో లెక్క లేదు బిడ్డా. ఏదైనా ఇచ్చేస్తె మన తాన ఏం మిగలకపోయేది. గిదేందే, మొత్తం ఇచ్చేసినా మొత్తం నా తాననే ఉన్నది."

పాఠం చెప్పి తరగతి గదిలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ నా చేతులు ఖాళీగా ఉండేవి, మనసు నిండుగా ఉండేది. అవ్వ మాట నిజమని ప్రతిసారీ తేలేది.