ఎనిమిది రోజుల డిలీట్

ఎవరైనా దయ్యాలు, ఆత్మలు అని మొదలుపెడితే నేను నవ్వి లేచిపోయే రకం. కొత్తకోటలో ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పోయినవాళ్ల ఫోటోలు, దండ వేసి గోడకు తగిలించేవి, వందల్లో చేసి ఉంటాను. ఫ్రేము బాగాలేదని ఒక్కరూ తిరిగొచ్చి అడగలేదు. ఇది దయ్యం కథ అని ఇప్పుడూ అనను. నా సిగ్గుమాలిన పని ఒకటి చెబుతున్నాను. అందులో ఒక ముక్క మాత్రం నాకు అంతుపట్టలేదు.

నాలుగేళ్ల కిందట, పెళ్లిళ్ల సీజన్‌లో బీరయ్య వచ్చాడు. పక్క ఊళ్లో గొర్లు కాసుకునే మనిషి. వాళ్లమ్మ బాలమ్మ చనిపోయి మూడు రోజులైంది. పదకొండో రోజు దినాలకు పెద్ద ఫోటో కావాలి. ఆధార్ కార్డు మీద ఆమె ముఖం మసి పూసినట్టుంది. ఇంకెక్కడా ఫోటో లేదు. కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకునేదట.

"మా చెల్లె పెండ్లి నువ్వే తీసినవు గదన్నా. ఆల్బమ్‌ల లేదు గని, మిగిలిన ఫోటోలల్ల మా అమ్మ ఏడనో ఒక్కకాడ ఉంటది. జర దేవులాడు," అన్నాడు.

ఉంటుందని నాకూ తెలుసు. పాత పెళ్లిళ్లన్నీ వెనక గదిలో బ్యాకప్ సర్వర్‌లో ఉన్నాయి. కానీ మూడు వేల ఫోటోలు ఒక్కొక్కటీ చూడాలి. అప్పటికే ఆరు ఆల్బమ్‌ల పని నెత్తి మీద ఉంది. "అయిదేండ్లు దాటినయి తీసేస్తం. ఇప్పుడు లేవు," అని చెప్పేశాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పోలికలున్నవాళ్ల ఫోటో ఉంటే సర్దుతానని నేనే అన్నాను. మూసిన కళ్లు తెరిపించడం, చీర మార్చడం మాకు రోజూ ఉండే పనే. బీరయ్య ఫోన్‌లో వాళ్ల చిన్నమ్మ ఎల్లమ్మ ఫోటో ఉంది. బాలమ్మకు సొంత చెల్లెలు, బతికే ఉంది. ఆమె జుట్టు నెరిపించి, బుగ్గలు లోపలికి లాగి, గంటలో బాలమ్మను తయారుచేశాను. బీరయ్య ఆ ఫోటోలో ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు. "అమ్మ లెక్కనే ఉన్నది తియ్యి," అని పట్టుకుపోయాడు.

అతను అటు వెళ్లగానే నాకు భయం పట్టుకుంది. రేపు వాళ్ల చెల్లెలి భర్త వచ్చి పెళ్లి ఫోటోలు మళ్లీ కావాలంటే నా అబద్ధం బయటపడుతుంది. ఎలాగూ సర్వర్‌లో జాగా లేదు. ఆ పెళ్లి ఫోల్డర్ మొత్తానికి డిలీట్ కొట్టాను.

అది పోవడానికి పది నిమిషాలు చాలు. సాయంత్రానికి వంద ఫోటోలు కూడా పోలేదు. మర్నాడు యాంటీవైరస్ ఆపాను, కేబుల్ మార్చాను, రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టాను. సర్వర్ అమ్మిన మహబూబ్‌నగర్ అతను ఫోన్‌లో "డిస్క్ ఖరాబయిందేమో సూడన్నా" అంటే ఆ పరీక్షా పెట్టాను. ఏ లోపమూ లేదు. ఇంకా పెద్ద పెళ్లి ఫోల్డర్ ఒకటి తీసేసి చూశాను. టీ తాగి వచ్చేసరికి పోయింది. ఇదొక్కటే ఈడ్చుకుంటూ నడిచింది.

ఆపితే ఆగేది. ఆపి బాలమ్మను వెతికి ఉండొచ్చు. నన్ను ఇప్పటికీ తినేసేది అదే. అన్ని రోజులూ అది తొందరగా పోవాలనే తంటాలు పడ్డాను.

దినాల రోజు పొద్దున పది గంటలకు చూస్తే ఫోల్డర్‌లో ఒక్క ఫోటో మిగిలింది. తెరిచాను. భోజనాల వరుస చివర నేల మీద కూర్చున్న ముసలామె. పక్కనే బీరయ్య వంగి నీళ్లు పోస్తున్నాడు. కొంగు భుజం మీదికి జారింది, ఆమె నేరుగా కెమెరాలోకి చూస్తోంది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ఆ రోజు బీరయ్య ఏం వెతికాడో నాకప్పుడు తెలిసింది.

డిలీట్ నంబర్ల వరుసలో సాగుతుంది. ఈ ఫోటో నంబరు మధ్యలోది. దీన్ని దాటిపోయి, చివరి అప్పగింతల ఫోటోలు కూడా పోయాయి.

వాళ్ల ఊరికి బండి మీద పావుగంట. ప్రింటు తీసుకుని వెళ్తే దండ వేసేలోపు చేరేవాణ్ని. కానీ చుట్టాలందరి ముందు "లేదన్నవు గదన్నా" అని బీరయ్య అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మళ్లీ డిలీట్ కొట్టాను.

ఎనిమిది రోజులు సతాయించిన సర్వర్, ఈసారి నేను వేలు తీయకముందే దాన్ని తీసేసింది.

తర్వాత ఎప్పుడూ అది అలా మొరాయించలేదు. మహబూబ్‌నగర్ అతను వచ్చి అంతా విప్పి చూసి, తనకూ తెలియదన్నాడు. నాకైతే నేటికీ తెలియదు.

నెల తర్వాత ఎల్లమ్మ స్టూడియోకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బిడ్డా, మా అక్క జాగల నేనున్న. బతికుండంగనే నాకు దండేసిండ్రు. ఆ ఇంట్లకు పోబుద్ధయితలేదు. మా అక్కది జర దేవులాడవా?"

"లేదమ్మా," అన్నాను. ఈసారి అది నిజం.

"ఉంటే ఇయ్యకుండ ఉంటవా, తియ్యి. ఫికర్ చెయ్యకు," అని నన్నే ఓదార్చి వెళ్లిపోయింది.