మునిరాజు పట్టిన నాలుగు వేల అక్షరాల పేరు

మా కాటన్‌పేట మునిరాజుకున్న ఓపిక గానుగెద్దుకు కూడా ఉండదు. పీయూసీలోనే చదువుకు దండం పెట్టేసిన నాకు తన ఉద్యోగమంతా ఒక్క పూటలో అర్థమయ్యేలా చెప్పాడు. సగం గొప్ప నా బుర్రదేననుకోండి.

హూడిలో ఒక కంపెనీ మెయిల్ సర్వర్‌కు అతను కాపలా. మెయిల్ ఎవరికి పోవాలో ఆ పేర్లు పెట్టుకోడానికి సర్వర్‌లో కొంత చోటుంటుంది, బస్తాలాగా. వాళ్ల సర్వర్ పాతకాలపుది, కొలత చూసుకోదు. ఉత్తరాలు కాజేసే దొంగ కావాలనే మూరలకొద్దీ పేరు కుక్కి, చివర తన ఆజ్ఞలు దూరుస్తాడు. బస్తా పిగిలి, ఒలికినదంతా సర్వర్ తాను చేయాల్సిన పనులు రాసుకున్న చోట పడుతుంది. ఇక అక్కడ ఏముంటే అదే చేస్తుంది, పిచ్చిది. అలాంటి మెయిల్ కనబడగానే మునిరాజు ఆపి, అలారం కొట్టాలి.

రెండుసార్లు కొట్టాడు. కంపెనీ మొత్తం మెయిల్ ఆపుకుని కూర్చుంది. తీరా చూస్తే రెండూ పెళ్లిపత్రికలే! కొడుకు ఆఫీసు మెయిల్ అడ్రసు చుట్టాలందరికీ పంచిపెట్టింది వాళ్లమ్మ చౌడమ్మే. మనవాళ్ల సంగతి తెలిసిందే, పిలుపులో ఒక్క పెద్దాయన పేరు తగ్గితే ఆ ఇల్లు పెళ్లికి రాదు. అందుకే ఒకే మెయిల్‌లో, ఎవరికి పోవాలో రాసేచోటే, ఇంటిపేర్లతో సహా రెండొందల మంది!

"ఇంకో పెళ్లికి అలారం కొట్టినావంటే ఐడీ కార్డు గేట్లో ఇచ్చి పో," అన్నాడు మేనేజర్ రాజగోపాల్. ఉద్యోగం పోతే చౌడమ్మ వీధిలో తలెత్తుకోలేదు.

శుక్రవారం మూడోది వచ్చింది. నాలుగు వేల అక్షరాల పేరు.

"ఈసారి ఎవరి పెళ్లప్పా?" పక్క సీటు మేఘన నవ్వింది.

మునిరాజు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "పెళ్లి కాదు మేఘనా. ఇంత పొడుగులో ఒక్క మేనమామ లేడు. ఒకటే అక్షరం వరసగా ఉండాది, చివర ఏందో చెత్త."

అలారం కొట్టాడు.

రాజగోపాల్ ఊగిపోతూ వచ్చాడు. "సర్వర్ బాగానే ఉండాది కదప్పా! దాడి ఎక్కడ?"

"నేను ఆపినా కాబట్టే బాగుండాది సార్."

ఆయన నమ్మలేదు. పారేయబోయే ఇంకో పాత సర్వర్‌కు అదే మెయిల్ పంపించాడు. రెప్పపాటులో అది తన దగ్గరున్న ఉత్తరాలన్నీ ముక్కూ మొహం తెలియనివాడికి మోయడం మొదలుపెట్టింది. రాజగోపాలే పరిగెత్తి వైరు పీకాడు.

ఉద్యోగం నిలిచింది. బహుమానంగా కొత్త పని కూడా దక్కింది. పొడుగు పేర్లన్నీ మునిరాజే చదివి, మేనమామలున్నారో లేదో చూసి వదలాలి! ఇప్పుడు కాటన్‌పేటలో ఏ పత్రికలో ఎవరి పేరు తగ్గిందో ముందు తెలిసేది అతనికే. మొన్న మా చిన్నాన్న కూతురి పెళ్లి పిలుపులో నా పేరు లేదని ఫోన్ చేశాడు.

అలిగి ఇంట్లో కూర్చునే రకమా నేను? వెళ్లి రెండు పంక్తుల్లో తిన్నాను.