కాగితంలో లేని తిన్నె

మొన్న తిరుపతి పోస్టాఫీసులో ఒక రిజిస్టరు కవరు పంపడానికి వరుసలో నిలబడ్డాను. నా ముందున్నాయన గుడ్డతో కుట్టిన పార్శిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నాడు. ఆ కాలిన లక్క వాసన తగలగానే నా మోకాళ్లు నొప్పెత్తాయి. వాసనకు మోకాళ్లెందుకు నొప్పెడతాయని అడగకండి. వయసులో ఉన్నప్పుడు ఆ వాసనలోనే ఆరేళ్లు చాప మీద కాళ్లు మడుచుకుని పత్రాలు రాశాను, సబ్‌రిజిస్ట్రారు కచేరీ ఎదుటి రేకుల పంచలో, పత్రాల రైటరు మునస్వామి పక్కన.

నా కవరులో ఉన్నది ఫిర్యాదు. మునిసిపాలిటీకి నేను రాసిన వాటిలో ఇది ఎన్నోదో అక్కడి గుమాస్తాకు తెలుసు, నాకూ తెలుసు. నన్ను చూస్తే ఆయన కుర్చీలోంచి లేచి ఎటో వెళ్లిపోతాడు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

మునస్వామిని మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి. వేలిముద్ర వేయలేక వణికే ముసలివాళ్ల బొటనవేలిని తన చేత్తో పట్టి సిరాకద్ది కాగితం మీద ఒత్తించేవాడు కాబట్టి, ఆయన వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. నేను చేరేనాటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. అందుకే నన్ను పెట్టుకున్నాడు. నేను స్కూలు ఫైనలు ప్యాసై, సర్కారు ఉద్యోగం దొరక్క, ఆ చాప మీద కూర్చున్నవాణ్ణి. నాకు గ్రాంథికం బాగా వచ్చు. ఆ సంగతి అందరికీ తెలియాలని ఉండేది. చేరిన వారంలోనే ఒక పొలం పత్రంలో బావి అని రాయాల్సిన చోట కూపము అని రాసి, గట్టిగా చదివాను. ఏర్పేడు నుంచి వచ్చిన రైతులు పదిమంది చుట్టూ ఉన్నారు.

"కూపమంట!" అన్నాడు మునస్వామి వాళ్లవైపు తిరిగి. "ఈయప్ప ఇంట్లో నీళ్లు కూపంలో చేదుకుంటారేమో. మన పొలాల్లో బాయిలే ఉండాయి. దిద్దు నాయనా, దిద్దు."

పదిమందీ నవ్వారు. అందులో పొగాకు నములుతున్న ఒకాయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఇలాంటివి చాలా జరిగాయి. అన్నీ దాచుకున్నాను.

కొండ మీదికి బస్సులు నడవడం మొదలైన రోజులవి. నడిచి వెళ్లేవాళ్లు తగ్గారు. ఆ దారిలో అలమేలమ్మ అనే వైష్ణవ వితంతువుకు పాత ఇల్లు ఉండేది. ముందు నాలుగు రాతి స్తంభాల వసారా, దాని ముందు వీధి పొడవునా తిన్నె. అరుగును మా వైపు అలాగే అంటాం. ఆ ఇంటిని చెంగల్రాయులనే బట్టల వ్యాపారి అడుగుతున్నాడు. పిల్లలు లేని ఆమెకు అంత ఇల్లు నిలబెట్టే శక్తి లేదు. పత్రం కోసం ఇద్దరూ మా పంచకొచ్చారు.

"ఇల్లు పోతే పోనీ రైటరయ్యా," అంది ఆమె. "ఆ స్తంభాలు, ఆ తిన్నె మాత్రం పోకూడదు. కొండకు నడిచిపోయేవాళ్లు ఆడ మూట దించుకోని కూర్చుంటారు. మా అత్త కాలం నుంచి వాళ్లకు మంచినీళ్లు పోస్తా ఉండాం."

"కొన్నాక నా ఇల్లు నా ఇష్టం గదప్పా?" అన్నాడు చెంగల్రాయులు.

"అయితే వేరే ఇల్లు సూసుకో పో," అన్నాడు మునస్వామి. తర్వాత ఆమెతో మెల్లగా చెప్పాడు. "అమ్మా, మొత్తం అమ్మొద్దు. పక్కగది ఒకటి నీకు పెట్టుకో. నీ పేరుతో షరతు రాస్తే నీతోనే పోతాది. ఆ గది పేరుతో రాస్తే గది ఉన్నన్నాళ్లు ఉంటాది. రేపు ఇల్లు ఎవురు కొన్నా, గదిలోకి ఎవురొచ్చినా, ముందు వసారా పగలగొట్టేదానికి లేదు."

చెంగల్రాయులుకు ఆ చోటు కావాలి. ఒప్పుకున్నాడు.

మునస్వామి చోటు చూడకుండా పత్రం రాయించేవాడు కాదు. మరుసటి రోజు ఆ ఇంటికి వెళ్లి, కళ్లు కనపడవు కాబట్టి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమాడు. తడిమిన ప్రతిదానికీ "దీన్నేమంటారమ్మా?" అని అడిగాడు. స్తంభమని తెలీదా, దూలమని తెలీదా, ఎందుకీ చాదస్తం అనుకున్నాను. "ఇంట్లో ఉండే మనిషి ఏమంటే అదే రాయల్ల. మనం పేర్లు పెట్టగూడదు," అన్నాడు నాతో. తిన్నె దగ్గర ఆమె వంగి దుమ్ము తుడిచి, "తిన్నె" అంది.

స్టాంపు కాగితం మీద శుద్ధప్రతి రాసింది నేను. స్తంభాలు రాశాను, దూలాలు రాశాను, కప్పు రాశాను. తిన్నె దగ్గర కలం ఆగింది. రిజిస్టరు కాబోయే కాగితంలో ఇంత మోటు మాటా అనిపించింది. వేదిక అని రాశాను. నవ్విన పదిమందికీ అది నా జవాబు. చదివి వినిపించమన్నప్పుడు మాత్రం మళ్లీ కసురుతాడని భయపడి, తిన్నె అనే చదివాను. ఆయన తల ఊపి, రాయించినవాడిగా కింద తన పేరు పెట్టాడు. ఆమె సంతకం చేసింది.

నాలుగేళ్లు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఉదయం చెంగల్రాయులు మనుషులు గడ్డపారలతో వచ్చి తిన్నెను పెళ్లగించారు. అలమేలమ్మ కోర్టుకెక్కింది. చెంగల్రాయులు వకీలు పత్రం తీసి చదివాడు. స్తంభాలు ఉన్నాయి, కప్పు ఉంది, వేదిక కూడా ఉంది అన్నాడు. నిజమే. ఆ ఇంటి లోపల, భజనలప్పుడు పటం పెట్టే చిన్న రాతి గద్దె ఒకటుంది. వేదిక అంటే అదే, దాన్నెవరూ తాకలేదన్నాడు. తిన్నె అనే మాట పత్రంలో ఎక్కడుందో చూపించమన్నాడు.

మునస్వామిని బోనెక్కించారు. "తిన్నెకూ వేదికకూ తేడా తెలియకుండానే ఇన్నేళ్లు పత్రాలు రాయించావా?" అన్నాడు వకీలు. కోర్టంతా నవ్వింది. నేను వెనక బల్ల మీద ఉన్నాను. లేచి నిలబడితే సరిపోయేది. లేవలేదు.

"రాయించింది నేనే," అన్నాడు మునస్వామి. "కింద నా పేరుండాది. తప్పు నాదే."

తీర్పులో స్తంభాలు, కప్పు నిలిచాయి. తిన్నె పోయింది. బయటికి వచ్చాక అలమేలమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆయన కోర్టు మెట్ల మీద కూర్చుని, నావైపు చూడకుండా అడిగాడు.

"ఆ దినం రాసింది ఒకటి, సదివింది ఒకటి. అవునా?"

"అవునయ్యా."

"సరే. ఆ కాయితాల పెట్టె ఎత్తుకో, పోదాం."

అంతే. ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ కసరలేదు. ఓర్చుకోలేక ఒకసారి కావాలనే బావికి కూపమని రాసి ఆయన ముందు గట్టిగా చదివాను. "బాయి అని దిద్దప్పా," అన్నాడు మెత్తగా, పరాయివాడితో మాట్లాడినట్టు. నేను దాచుకున్న అవమానాలన్నిటిలోకీ అదే పెద్దది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. మరుసటి ఏడు ఆయన పోయాడు.

అలమేలమ్మ పోయాక ఆమె తమ్ముడి దగ్గర ఆ పక్కగది నేనే కొన్నాను. గదితో పాటు షరతూ నాకు వచ్చింది. ఇల్లు చాలా చేతులు మారింది. ఇప్పటి యజమాని దుకాణానికి అడ్డమని రెండు స్తంభాలు తీయించాలంటున్నాడు. నాకు ఓపిక లేదు. అయినా రాస్తున్నాను. మొన్నటి ఫిర్యాదు రాసేముందు బయటికి వెళ్లి ఒక్కొక్క స్తంభం తడిమాను. మూల స్తంభం దగ్గర, తిన్నె పెకలించిన గుంట పక్కన, పూలమ్మే మునెమ్మ బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. తిన్నె పోయాక పుట్టిన మనిషి.

"నువ్వు కూర్చునే ఈ చోటును ఏమంటారు?" అని అడిగాను.

నన్ను వింతగా చూసింది. "ఏమంటారేంది సామీ? తిన్నె కాడ అంటారు. ఊరంతా అట్లనే గదా అంటాది."

లోపలికి వచ్చి అలాగే రాశాను. తర్వాత గదిలో ఒక్కణ్ణే కూర్చుని, రాసింది రాసినట్టు, పైకి చదువుకున్నాను.